తీగ లేని గిటారు

అన్నయ్య ముప్ఫై ఏళ్లుగా గిటారు వాయిస్తున్నాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలతో మొదలుపెట్టి, ఇప్పుడు విజయవాడలో మేడ మీద గదిలో పిల్లలకు నేర్పుతున్నాడు. నేను 2007లో ఎమ్మెస్ చదవడానికి బోస్టన్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఈ వేసవిలో అన్నయ్య మా ఇంటికి వచ్చాడు. ఒకరోజు బేస్‌మెంట్‌లో సూట్‌కేసు కోసం వెతుకుతుంటే పాత అట్టపెట్టెలోంచి నా ప్లాస్టిక్ గిటారు బయటపడింది. నల్లది, గిబ్సన్ లెస్ పాల్ ఆకారంలో ఉంటుంది, మెడ మీద ఐదు రంగుల మీటలు. అన్నయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతి అలవాటు కొద్దీ తీగలు ఉండాల్సిన చోట బొటనవేలు ఆడించాడు. వేలు నున్నటి ప్లాస్టిక్ మీద జారిపోయింది. అక్కడ మొదలైన వాదన రెండు రోజులు నడిచింది. గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

అన్నయ్య: దీనికి తీగలేవే?

నేను: ఉండవు. ఎడమచేత్తో రంగు మీట నొక్కి పట్టుకోవాలి. కుడిచేత్తో ఈ పలకను కిందికో పైకో తోయాలి. టీవీలో గిటారు మెడ లాంటి దారి ఒకటి మన మీదికి జారుతూ వస్తుంటుంది, దాని మీద రంగు బిళ్లలు. పచ్చబిళ్ల కింది గీతను తాకే క్షణంలో పచ్చమీట నొక్కి పలక తోస్తే, పాటలోని గిటారు పలుకుతుంది. తప్పితే పలకదు. అంతే ఆట.

అన్నయ్య: అంటే పాట ముందే రికార్డయి ఉంది.

నేను: ఉంది. డ్రమ్స్, బేస్, గాయకుడు ఎవరి పాటికి వాళ్లు వెళ్తూనే ఉంటారు. గిటారు ఒక్కటే నీ చేతిలో ఉంటుంది. నువ్వు సరిగ్గా కొట్టినంతసేపూ వినిపిస్తుంది, కొట్టకపోతే పాటలో అక్కడ ఖాళీ పడుతుంది.

అన్నయ్య: మరి నువ్వు వాయించిందేముంది అందులో? ఎవరో వాయించి పెట్టినదానికి నువ్వు తలుపు తెరిచి మూస్తున్నావు. నా దగ్గరికి పిల్లలు వస్తారు చూడు, మొదటిరోజు వాళ్ల వేళ్లు మెత్తగా ఉంటాయి. వారం తిరిగేసరికి కొసలు ఎర్రబడతాయి, నెలకు కాయ కాస్తుంది. ఆ కాయ కాసిన వేలు తీగను నొక్కినప్పుడు పుట్టిన ధ్వని వాడిది. మంచిదైనా చెడ్డదైనా వాడిదే. దీంతో ఎన్నేళ్లు ఆడినా నీ వేలి కొసకు ఏమీ అవదు.

నేను: నిజమే. కానీ దీన్ని తయారుచేసినవాళ్లు సంగీతం తెలియనివాళ్లనుకోకు. ఇక్కడికి దగ్గర్లోనే, కేంబ్రిడ్జ్‌లో పుట్టిందీ ఆట. అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ అని ఎంఐటీలో చదువుకున్నవాళ్లిద్దరు 1995లో హార్మోనిక్స్ అని కంపెనీ పెట్టారు. ఒకాయన సంగీత రచన చదివాడు, ఇంకొకాయన క్లారినెట్ వాయిస్తాడు. వాయించడంలో ఉండే సుఖం వాద్యం రానివాళ్లకు కూడా అందించాలన్నది వాళ్ల పట్టుదల. మొదట జాయ్‌స్టిక్ కదిపితే రాగం వచ్చే సాఫ్ట్‌వేర్ చేశారు, జనం కొనలేదు. 2001లో ఫ్రీక్వెన్సీ, 2003లో యాంప్లిట్యూడ్ అని ఆటలు చేశారు. తెలిసినవాళ్లు మెచ్చుకున్నారే గానీ పెద్దగా అమ్ముడుపోలేదు. చేతిలో ఉన్నది మామూలు గేమ్ రిమోట్ కదా, దాన్ని పట్టుకుంటే ఎవరికీ గిటారిస్టునన్న భావన రాదు. డ్యాన్స్ ఆటలకు కాళ్లతో తొక్కే చాపలు చేసే రెడ్ ఆక్టేన్ కంపెనీ వాళ్లతో కలిసింది. 2005 నవంబరులో, గిబ్సన్ ఎస్‌జీ ఆకారంలో చిన్న ప్లాస్టిక్ గిటారుతో కలిపి ప్లేస్టేషన్ 2కు గిటార్ హీరో వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే జపాన్‌లో కొనామి వాళ్లు గిటార్ ఫ్రీక్స్ అని ఇలాంటిదే ఆర్కేడ్లలో పెట్టారనుకో. కానీ ప్రపంచాన్ని ఊపింది మాత్రం ఇదే.

అన్నయ్య: ఊపిందంటే?

నేను: మూడో భాగం ఒక్కటే వంద కోట్ల డాలర్ల అమ్మకాలు దాటింది.

అన్నయ్య: అమ్మకాల మాట వదిలెయ్. నీ సంగతి చెప్పు. నీకేం ఇచ్చింది?

దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలియక కాదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తోచక. మా ఇంట్లో సంగీతం అంటే అన్నయ్యదే. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పాటల మాస్టారిని పెట్టింది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, మళ్లీ సరళీ స్వరాలు. ఆరు నెలలకు మానేశాను. నాకు సంగీతం రాదన్నమాట ఇంట్లో స్థిరపడిపోయింది, నేనూ నమ్మాను.

నేను: 2007 చలికాలం. నలుగురం ఆడపిల్లలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. బయట మోకాలెత్తు మంచు. ఎవరో వదిలేసి వెళ్లిన పాత డబ్బా టీవీ ఉండేది. సీనియర్ ఒకమ్మాయి ఈ ఆట తెచ్చింది. ఈజీ స్థాయిలో మూడు రంగులే వస్తాయి, బిళ్లలు నెమ్మదిగా జారతాయి. పది నిమిషాలకే ఒక పాట ముగించాను. ఆ పదినిమిషాల్లో, అన్నయ్యా, జీవితంలో మొదటిసారి నా చెయ్యి తాళంలో ఉందని నాకు తెలిసింది. ఎవరూ చెప్పలేదు, చేతికే తెలిసింది. తర్వాత ఇద్దరం కలిసి ఆడేవాళ్లం, తను గిటారు, నేను బేస్. రెండు నెలలు బేస్ ఆడాక ఒకరాత్రి బస్సులో వస్తూ ఇయర్‌ఫోన్స్‌లో గీతాంజలి పాటలు పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి విన్న పాటలే కదా! వాటి అడుగున ఎవరో నడుస్తున్నట్టు బేస్ గిటారు వినిపించింది. ఉలిక్కిపడ్డాను. ఇళయరాజా 1989లోనే పెట్టి ఉంచాడు దాన్ని. పద్దెనిమిదేళ్లు నా చెవి దానిమీదుగా వెళ్లిపోయింది. బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయింది, పాట అయ్యేదాకా లేవలేదు.

అన్నయ్య: (కాసేపు ఆగి) ఇది నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

నేను: ప్లాస్టిక్ గిటారు వల్ల వచ్చిందంటే నవ్వుతావనుకున్నాను.

అన్నయ్య: నవ్వను. కానీ నువ్వు చెప్పింది వినడం గురించి. వినికిడి పెరిగింది, ఒప్పుకుంటాను. మంచి శ్రోతను తయారుచేసిందను, తలవంచుతాను. వాయించానని మాత్రం అనకు. ఎందుకంటే అసలు తేడా తప్పులో ఉంది. పైకి రా, చూపిస్తాను.

మా అమ్మాయి స్కూలు గిటారు గోడకు ఆనించి ఉంది. అన్నయ్య దాన్ని శృతి చేసి, కావాలని తప్పుగా ఎఫ్ కార్డ్ పట్టాడు. గిటారు నేర్చుకునేవాళ్లందరికీ మొదటి గండం అది. చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. మీటాడు. కింది తీగ చచ్చినట్టు ‘టక్’మంది, దాని పైది ‘జుర్ర్’మని గరగరలాడింది.

అన్నయ్య: విన్నావా? టక్‌మన్న తీగ మీద వేలు ఎత్తుగా ఉంది. జుర్రుమన్న తీగను ఫ్రెట్‌కు దూరంగా నొక్కాను. రెండు తప్పులు, రెండు రకాల గొంతులు. తప్పు ఎక్కడుందో ఆ తప్పే చెబుతుంది. నేను గదిలో లేకపోయినా పిల్లాడికి తీగ చెబుతూనే ఉంటుంది. ఇప్పుడు చెప్పు, నీ ఆటలో తప్పు కొడితే ఏం వినిపిస్తుంది?

నేను: ‘కటక్’మంటుంది. గిటారు ఆగిపోతుంది.

అన్నయ్య: తొందరపడి కొడితే?

నేను: కటక్.

అన్నయ్య: తప్పు మీట నొక్కితే?

నేను: అదే కటక్. తప్పులు ఎక్కువైతే జనం గోల చేస్తారు, తెర మీది ముల్లు ఎరుపులోకి పడిపోతుంది, పాట ఆగిపోతుంది.

అన్నయ్య: చూశావా. అన్ని తప్పులకూ ఒకే శిక్ష. ఏ తప్పు ఎందుకొచ్చిందో చెప్పే నోరు దానికి లేదు. ఒప్పు కొట్టినా అంతే. నువ్వు గట్టిగా తోసినా మెల్లగా తోసినా వచ్చేది ఆ రికార్డింగే. ఒకే స్వరాన్ని నేను వందరకాలుగా మీటగలను. కోపంగా, బతిమాలుతూ, వేలు కొంచెం వంచి ఏడుస్తున్నట్టు. గిటారంటే అది.

ఈ మాట దగ్గర వాదనలో నాకు బలం తగ్గింది. పలక పక్కన చిన్న కడ్డీ ఉంటుందని, దాన్ని కదిపితే సాగిన స్వరం వణుకుతుందని చెప్పాను. కానీ అది కూడా ఒకే రకం వణుకు. మీటిన చేతిలోని మనిషి ఆ ఆటలో వినిపించడు, అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. అయినా నేను వదల్లేదు, ఎందుకంటే అన్నయ్య గదిలోంచి వెళ్లిపోయిన పిల్లలు నాకు గుర్తొచ్చారు.

నేను: సరే, ఒకటి అడుగుతాను. జూన్‌లో నీ దగ్గర పదిమంది చేరతారనుకో. దసరాకు ఎంతమంది మిగులుతారు?

అన్నయ్య: ...ముగ్గురు. మంచి సంవత్సరమైతే నలుగురు.

నేను: మిగతావాళ్లు ఎక్కడ ఆగుతారు?

అన్నయ్య: ఎఫ్ దగ్గర.

నేను: వాళ్లకు సంగీతం రాక ఆగిపోలేదు, సుఖం అందకముందే నొప్పి అందింది కాబట్టి ఆగిపోయారు. నువ్వు ముందు నొప్పి పెట్టి, ఏడాది తర్వాత పాట ఇస్తావు. ఈ ఆట పదినిమిషాల్లో పాట ఇస్తుంది. పాటలో లోపల నిలబడితే ఎలా ఉంటుందో ఒకసారి తెలిస్తే, ఆ నొప్పి ఎందుకో తెలుస్తుంది కదా. సరళీ స్వరాలు ఎక్కడికి తీసుకెళ్తాయో తొమ్మిదేళ్ల నాకు ఎవరైనా ఒక్కసారి చూపించి ఉంటే, మానేసేదాన్ని కాదేమో.

అన్నయ్య: చెవి ముందా, చెయ్యి ముందా అంటే నేనూ చెవే అంటాను. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ సంగతి తెలుసుగా. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కూర్చోబెడితే జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. తొమ్మిదేళ్లు అప్పటికి. ఆ గురువు గారు బిళ్లలు చూపించలేదు. పాడారు. కళ్లకు ఏమీ ఇవ్వకుండా చెవికి ఇచ్చారు. నీ ఆట కళ్లకు ఇస్తుంది.

నేను: ఆయన పేరు నువ్వు తెచ్చావు కాబట్టి నేనూ అడుగుతాను. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమా అన్నవాళ్లు లేరూ అప్పట్లో?

అన్నయ్య: ఉన్నారు. కానీ దానికి తీగలున్నాయమ్మా! గమకం పలికేలా తీగలు ఎన్నుండాలో, శృతి ఎలా ఉండాలో చూసుకుని మార్చుకున్నాడాయన. ఒక వాద్యాన్ని వాయించేవాడు తనకు తగ్గట్టు మలుచుకోగలిగాడంటే దాంట్లో చోటుంది కాబట్టి. దీంట్లో నువ్వేం మార్చగలవు? నీ సొంత వరస ఒకటి వాయించగలవా?

నేను: లేదు.

అన్నయ్య: అంత సుఖం ఇచ్చిందన్నావు, మరి బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలోకి ఎందుకు చేరింది?

సూటి ప్రశ్న. చదివినదీ అనుభవించినదీ రెండూ చెప్పాను. 2007లోనే హార్మోనిక్స్ విడిగా రాక్ బ్యాండ్ అని ఇంకో ఆట తెచ్చింది. గిటారు, బేస్, డ్రమ్స్, మైకు, ఇల్లంతా ప్లాస్టిక్. 2009 సెప్టెంబరులో బీటిల్స్ పాటలతో ఒకటి వచ్చింది. అదే ఏడాది గిటార్ హీరో పేరుతోనే అరడజను దాకా విడుదలయ్యాయి. అమెరికాలో ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. ఇంట్లో ఒక ప్లాస్టిక్ గిటారు ఉన్నవాళ్లు రెండోది ఎందుకు కొంటారు? గిటార్ హీరో పేరు హక్కులున్న యాక్టివిజన్ కంపెనీ 2011 ఫిబ్రవరిలో ఆ విభాగాన్నే మూసేసింది. ఇది వ్యాపారం సంగతి. నా సంగతి వేరు. ఎక్స్‌పర్ట్ దాకా వెళ్లాను. డ్రాగన్‌ఫోర్స్ వాళ్ల పాట ఒకటుంది, 3,700కు పైగా బిళ్లలు, దాన్ని దాటలేకపోయాను. దాటినవాళ్లను చూశాను. దాటాక వాళ్లకు అక్కడ చేయడానికి ఇంకేమీ లేదు. ఆ రోజు నాకు నీరసం వచ్చింది.

అన్నయ్య: తీగలుంటే దాటాక కూడా ఉంటుంది.

నేను: ఉంటుంది. అందుకే కొందరు తీగలు పెట్టారు కూడా. 2010లో రాక్ బ్యాండ్ మూడో భాగానికి 102 మీటల గిటారు వచ్చింది. ఆరు తీగలు, పదిహేడు ఫ్రెట్లు, ఒక్కోచోట ఒక్కో మీట. కార్డులు నిజంగానే పట్టాలి దాని మీద. మరుసటి ఏడు యూబీసాఫ్ట్ వాళ్ల రాక్‌స్మిత్ వచ్చింది. దానికి ప్లాస్టిక్ బొమ్మ లేదు. నీ ఎలక్ట్రిక్ గిటారునే ఒక కేబుల్‌తో తగిలిస్తావు, పికప్ అందుకున్న ధ్వనిని అది విని, నువ్వు ఏ స్వరం వాయించావో పట్టుకుంటుంది.

అన్నయ్య: విడి స్వరమైతే సరే. ఆరు తీగలు ఒకేసారి మోగితే ఎలా విడదీస్తుంది? నాకే చెవి రిక్కించాల్సి వస్తుంది.

నేను: కార్డులు దానికీ కష్టమే. కానీ నీకు నచ్చేది ఒకటుంది అందులో. మొదట పాటలో కొన్ని స్వరాలే ఇస్తుంది. అవి వచ్చేకొద్దీ అదే పాటలో ఇంకొన్ని చేరుస్తుంది, తడబడితే తగ్గిస్తుంది. రానిచోట ఆ ముక్కనే నెమ్మదిగా తిప్పితిప్పి వాయించుకోవచ్చు.

అన్నయ్య: (ముందుకు వంగి) ఒక్కో పిల్లాడికి ఒక్కో లెక్కనా?

నేను: ఎవరి చేతిని బట్టి వాళ్లకు.

అన్నయ్య: అది నేను పదిమందిని కూర్చోబెట్టి చేయలేని పని. కానీ తెర తీసేస్తే? కళ్ల ముందు బిళ్లలు లేనప్పుడు వాడి చేతిలో పాట ఉంటుందా?

నేను: ఆ అనుమానం వాళ్లకూ వచ్చింది. ఒక భాగం నీకు పూర్తిగా వచ్చేసిందని తెలిస్తే, తెర మీది స్వరాలు కొన్ని మాయం చేస్తుంది. చివరికి ఖాళీ దారి మాత్రం జారుతుంటుంది, నువ్వు జ్ఞాపకం మీద వాయించాలి.

అన్నయ్య ఏమీ అనలేదు. గిటారు తీసుకుని చాలాసేపు ఏదో వాయించాడు. ఆ రాత్రి వాదన అక్కడ ఆగింది.

మర్నాడు పొద్దున్నే ఆట తగిలించమన్నది తనే. పాత ఎక్స్‌బాక్స్ లేచింది. రోలింగ్ స్టోన్స్ వాళ్ల ‘పెయింట్ ఇట్ బ్లాక్’ ఎంచుకున్నాడు, తనకు నోటికి వచ్చిన పాటని. మొదటి వరస రాగానే, ఇది సితారు కదే, 1966లో బ్రయన్ జోన్స్ వాయించాడు అన్నాడు. అంటూండగానే తప్పాడు. మళ్లీ తప్పాడు. ముప్ఫై ఏళ్ల చెయ్యి మీడియంలో నిలబడలేకపోయింది.

అన్నయ్య: ఇందాక పచ్చ ఒక స్వరం పలికింది, ఇప్పుడు పచ్చే ఇంకో స్వరం పలుకుతోంది. నా చెయ్యి పాట వెనకాల పైకి వెళ్తుంటే బిళ్ల కిందికి పొమ్మంటుంది. చెవి మూసుకుని ఆడాలా?

నేను: స్వరాన్ని వదిలెయ్. తాళం ఒక్కటే పట్టుకో.

అన్నయ్య: తాళమే పట్టుకున్నాను. అదే కుదరడం లేదు. నేను పాటతో కొడుతున్నాను, బిళ్ల పాట వెనకాల వస్తోంది. కొంచెమే. కానీ వెనకే ఉంది.

నేను టీవీ వైపు చూశాను. డబ్బా టీవీ కాదిది, పలకలాంటి కొత్త టీవీ. ఇవి బొమ్మను సరిచేసి చూపించడానికి రెప్పపాటులో కొంతభాగం తీసుకుంటాయి. సినిమా చూస్తే తెలియదు. అందుకే ఆటలో దాన్ని సరిచేసుకునే చోటుంది, నేను మర్చిపోయాను. మెనూలోకి వెళ్లి తెరిచాను. గుర్తులు వరసగా జారుతుంటాయి, వాటికి సరిగ్గా మీటుతూ పోవాలి. అన్నయ్య భుజాలు వదులు చేసుకుని, పెళ్లి మండపంలో డ్రమ్మరు వైపు చూసే చూపుతో తెరను చూస్తూ మీటాడు. చివర్లో అంకె వచ్చింది, 90 మిల్లీసెకన్లు. సెకనులో పదో వంతు కూడా కాదు.

అన్నయ్య: చెప్పానా.

పాట మళ్లీ పెట్టాను. ఈసారి బిళ్లలు ఒకటొకటిగా వెలుగుతూ పేలుతున్నాయి, ముల్లు పచ్చలోకి వెళ్లింది, గుంపు చప్పట్లు కొడుతోంది. అన్నయ్య కాలు నేలను తడుతోంది. కళ్లు తెర మీది నుంచి తీయకుండానే, గోడవైపు తలతో సైగ చేశాడు. స్కూలు గిటారు తీసుకుని సోఫా అంచున కూర్చున్నాను. నలభై దాటిన వేళ్లు. చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి, మిగతా మూడూ పెట్టి, ఎఫ్ పట్టి మీటాను. టీవీలో డ్రమ్స్ మోగుతున్నాయి, నాది నాకే సరిగ్గా వినిపించలేదు.

“ఒకటో తీగ పలకట్లేదు,” అన్నాడు అన్నయ్య, బిళ్లలు కొడుతూనే. “చూపుడువేలు కొంచెం పక్కకు దొర్లించు.”